మెడకు మెత్తన, గుంజకు గట్టి

పశువు పుట్టిన నాటి నుంచి దాని ఒంటిని వదలనిది తాడొక్కటే. ఆ తాడును ఒకప్పుడు రైతే పండించాడు, రైతే పేనాడు. ఇప్పుడు సంతలో తూకానికి కొంటున్నాడు. ఈ మార్పు భారం పశువు మెడ మీద పడింది.

వారపు సంతలో పశువుల సామాను అమ్మే చోటు ఇప్పుడు దూరం నుంచే తెలిసిపోతుంది. నీలం, ఆకుపచ్చ, నారింజ రంగుల ప్లాస్టిక్ తాళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. చిత్తూరు వైపు పీలేరు సంతకు వెళ్ళినా, మెదక్ వైపు సదాశివపేట అంగడికి వెళ్ళినా, విజయనగరం దాపున మానాపురం సంతకు వెళ్ళినా అవే రంగులు, అదే సరుకు. పక్కనే గంటలు, మువ్వలు, ఇత్తడి కొమ్ముకుప్పెలు, గవ్వల పట్టెడలు ఉంటాయి. వాటిలో ఇంకా సీమకో తీరు కనిపిస్తుంది. తాళ్ళలో ఆ తేడా చెరిగిపోయింది.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆవులు, ఎద్దులు కలిపి సుమారు 46 లక్షలు, గేదెలు 62 లక్షలు. తెలంగాణలో అవీ ఇవీ చెరో 42 లక్షల పైచిలుకు. రెండు రాష్ట్రాల్లో దాదాపు కోటీ 90 లక్షల మెడలన్నమాట. మేతకు వదిలిన వేళ తప్పిస్తే, మిగిలిన పొద్దంతా వాటిలో చాలా మెడల చుట్టూ ఏదో ఒక తాడు ఉంటుంది. దాణా గురించి మాట్లాడతాం, టీకాల గురించి మాట్లాడతాం, పాకలో గాలి ఆడుతోందా లేదా అని చూస్తాం. రాత్రీ పగలూ చర్మానికి ఆని ఉండే ఈ వస్తువును మాత్రం పట్టించుకోవడం మానేశాం. నాకిది చిన్న విషయంగా తోచదు. మన పల్లెలు ఎంతో తెలివి ఖర్చుపెట్టి తయారు చేసుకున్న వస్తువుల్లో పలుపుతాడు ఒకటి. దాన్ని వదులుకున్నప్పుడు ఆ తెలివినీ వదులుకున్నాం.

ఒక్కో పనికి ఒక్కో తాడు

పాత రైతింట్లో ఉట్టి ‘తాడు’ అంటే ఏ తాడని అడిగేవాళ్ళు. మెడకు వేసి గుంజకు కట్టేది పలుపు. తెలంగాణ పల్లెల్లో తలుగు అంటారు. ముక్కులోంచి తీసి కొమ్ముల వెనక కట్టేది ముకుతాడు. ముకుతాడు నుంచి బండి తోలేవాడి చేతికో నాగలి పట్టినవాడి చేతికో వచ్చేవి పగ్గాలు. నూర్పిళ్ళలో పశువులను వరసగా కట్టే పొడవాటి తాడు దామెన. పైరు సాళ్ళ మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దు మొక్కలు కొరక్కుండా మూతికి తొడిగే వల చిక్కం. అదీ సన్నటి తాడుతో అల్లిందే. తన్నే బర్రెను పితికేటప్పుడు వెనక కాళ్ళకు వేసేది బంధం. చేలమీద పడే పశువు మెడకు వేలాడదీసే గుదికొయ్యకూ తాడే కావాలి.

వీటిలో ఏ రెండూ ఒకే తీరుగా ఉండవు. ముకుతాడు సన్నగా, నున్నగా ఉండాలి. రెండు ముక్కురంధ్రాల నడుమ ఉన్న గోడలో, ముందువైపు, మృదులాస్థికి ఇవతల పలుచని పొర ఒకటుంటుంది. కోడెకు ఏడాదిన్నర, రెండేళ్ళు వచ్చాక అక్కడ కుట్టి తాడు ఎక్కిస్తారు. పోటు కాస్త లోపలికి జరిగితే మృదులాస్థికి తగిలి పుండు మానదు. మరీ ముందుకు వస్తే లాగుడుకు ముక్కు చీలుతుంది. అందుకే ముక్కు కుట్టడానికి ఊళ్ళో చేయి తిరిగిన మనిషినే పిలిచేవారు. ఎక్కించేది నూలు తాడు. నారను ఎంత సన్నగా పేనినా ఆ చోటికి అది గరుకే. పుండు ఆరేదాకా ఆముదం, పసుపు రాసేవారు.

పగ్గం సంగతి వేరు. దానికి బలం కావాలి, బరువు ఉండకూడదు. పగ్గం బరువైతే మనిషి లాగకపోయినా అది ముక్కును లాగుతూనే ఉంటుంది. పని తెలిసిన సేద్యగాడు పగ్గాన్ని వదులుగా పట్టుకుంటాడు. చిన్న కదలిక చాలు, ఎద్దు ఎటు తిరగాలో అటు తిరుగుతుంది. రోజంతా దున్నినా ముకుతాడు కింద చర్మం ఎర్రబడకుండా ఉంటే ఆ పగ్గమూ మంచిదే, పట్టిన చెయ్యీ మంచిదే.

దామెన కట్టడంలో ఇంకా లెక్క ఉంది. కళ్ళం నడుమ గుంజ పాతి, దామెనతో బంతి కట్టి, పరిచిన పనల మీద పశువులను తిప్పేవారు. గుంజకు దగ్గరగా ఉన్నది చిన్న చుట్టు తిరుగుతుంది. వరస చివరిది అదే సమయానికి పెద్ద చుట్టు తిరిగి రావాలి. అందుకని ముసలి ఎద్దును లోపల, వయసులో ఉన్నదాన్ని అంచున కట్టేవారు. రెండు మెడల మధ్య ఎడం ఎక్కువైతే పక్కకు తిరిగి కుమ్ముకుంటాయి, తక్కువైతే కొమ్ములు తగులుకుంటాయి. ఆ ఎడం కొలిచి మరీ మెడతాళ్ళు దామెనకు కలిపేవారు. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు వచ్చాక అన్నిటికంటే ముందు కనుమరుగైన తాడు ఇదే. దానికి పనే లేకుండా పోయింది కాబట్టి ఆ పోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పలుపు అలా కాదు, దాని పని ఇవాళ్టికీ ఉంది. పలుపులో ప్రాణం ముడి దగ్గర ఉంటుంది. మెడ చుట్టూ ఉన్న వలయం ఎంత లాగినా బిగుసుకోకూడదు. ఉరిముడి వేస్తే, బెదిరిన పశువు గుంజుకునే కొద్దీ దాని ఊపిరి అదే ఆపుకుంటుంది. పాతవాళ్ళు తాడును ఒక మడత దగ్గర మొదలుపెట్టి పేనేవారు. ఆ మడత చిన్న కన్నుగా మిగిలిపోతుంది. రెండో కొసకు దగ్గర్లో లావుపాటి ముడి వేసేవారు. ముడిని కన్నులోంచి తోస్తే మెడచుట్టు సిద్ధం. పశువు లాగితే అది ఊడదు, బిగియదు. మనిషి వచ్చి తీస్తే చీకట్లో కూడా ఇట్టే వచ్చేస్తుంది. పాము కనబడ్డా, పాకకు నిప్పంటుకున్నా, వాన వెల్లువకు దొడ్డిలోకి నీళ్ళొచ్చినా, ఆ ‘ఇట్టే’ మీదే పశువు బతుకు ఆధారపడుతుంది.

చేలో పుట్టిన తాడు

మెట్టచేలలో జొన్న మధ్యనో కంది మధ్యనో, లేదంటే గట్ల వెంబడో, నాలుగు సాళ్ళు గోగు వేసుకోవడం ఇంటి అవసరాల లెక్కలోకి వచ్చేది. పొయ్యికి కట్టె, కూరకు ఆకు, దొడ్లోకి తాడు, మూడూ ఆ నాలుగు సాళ్ళలోనే ఉండేవి. మనం పచ్చడి నూరుకునే గోంగూర, నార తీసే గోగు దగ్గరి చుట్టాలు. కూరకైతే ఎడంగా వేసి చిగుళ్ళు గిల్లుతారు, పక్కకొమ్మలు వస్తాయి. నారకైతే ఒత్తుగా వేస్తారు. అలా వేస్తే మొక్క నిలువుగా, నిటారుగా మనిషిని మించి పెరుగుతుంది. కొమ్మ వేసిన ప్రతిచోటా నార తెగుతుంది కాబట్టి కొమ్మలు రానివ్వకపోవడమే కిటుకు. పూత మీద కోస్తే నార మెత్తగా వస్తుంది. గింజ ముదిరేదాకా ఆగితే బరువు పెరుగుతుంది, గరుకూ పెరుగుతుంది. తాళ్ళకని వేసుకున్న సాళ్ళను పూత మీద కోసి, విత్తనానికని నాలుగు మొక్కలు వదిలేవారు.

తరవాతి పని నీళ్ళది. కోసిన కట్టెను ఆకు రాలేదాకా ఆరనిచ్చి, కట్టలు కట్టి, చెరువు మూలనో కుంటలోనో ముంచి, పైన రాళ్ళూ బురదా పెట్టేవారు. నీళ్ళలోని సూక్ష్మజీవులు బెరడులో నారను కట్టెకు అంటించి ఉంచే జిగురును కరిగించేస్తాయి. గోగుకు రెండు వారాల దాకా పడుతుంది. నీరు వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా నానుతుంది. తొందరపడి తీస్తే బెరడు తునకలు నారకే అంటుకుపోతాయి. ఆలస్యం చేస్తే నారే చివికి, తాడు రెండు నెలలకే పుటుక్కుమంటుంది. అందుకని ఓ పక్క నుంచి ఒక పుల్ల లాగి, మొదలు దగ్గర విరిచి చూసేవారు. నార తొడుగు ఊడినట్టు జారి వస్తే అయినట్టే. ఇక ఆ వాసన! ఊరంతటికీ తెలిసిపోయేది, గోగు తీస్తున్నారని. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, కట్టలను చరిచి, నారను లాగి, జాడించి, గట్టున ఆరేసేవారు. ఒంటికి దురద, చేతులకు పగుళ్ళు. ఆ పనిలో ఆడవాళ్ళే ఎక్కువగా ఉండేవారు. ఆరాక మాత్రం నార పట్టుకుచ్చులా మెరిసేది.

ఈ నార ఇంటి దొడ్డి దగ్గరే ఆగిపోలేదు. ఉత్తరాంధ్ర మెట్టల్లో పండిన గోగునార భీమునిపట్నం రేవులో ఓడలెక్కి, ‘బిమ్లీపటం జూట్’ అన్న పేరుతో ప్రపంచ విపణిలో చలామణి అయింది. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు ఆ చుట్టుపక్కల వెలిశాయి. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానం గోగులో ఏఎంవీ పేరుతో రకాలను విడుదల చేసింది. ప్లాస్టిక్ సంచి వచ్చి గోనెసంచిని నెట్టేశాక మిల్లులు కుదేలయ్యాయి, సాగు కుంచించుకుపోయింది. పశువుల తాడుకూ గోనెసంచికీ శత్రువు ఒకటే.

జనుము కథ మరోలా ముగిసింది. జనుము నార గోగునార కంటే గట్టిది, నీళ్ళకు బాగా ఓర్చుకుంటుంది. చేంతాళ్ళకు, వలలకు, లావుపాటి మోకులకు దాన్నే ఎంచుకునేవారు. ఇప్పటికీ మన రైతులు జనుము చల్లుతున్నారు, ప్రభుత్వం రాయితీ మీద విత్తనమూ ఇస్తోంది. కాకపోతే అది పచ్చిరొట్ట ఎరువుకు. 45 రోజుల ప్రాంతంలో, పూత మొదలవుతుండగానే కలియదున్నేస్తారు. భూమికి అది మంచిదే. నారకు పనికి రావాలంటే ఆ చేను ఇంకో నెలన్నరకు పైగా నిలబడాలి. ఎవరైనా రైతు అందులో ఓ మూల రెండు సెంట్లు దున్నకుండా వదిలితే, ఇంట్లో రెండు మూడు పశువులకు ఏడాది పలుపులు వచ్చేస్తాయని నా నమ్మకం.

ఊరు మారితే నార మారుతుంది

నీళ్ళు లేని చోట గోగు నానబెట్టడానికి కుంట ఎక్కడిది? రాయలసీమలో అందుకే కిత్తనార నడిచింది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ ముళ్ళ మొక్క మన గట్ల మీద కంచెగా స్థిరపడిపోయింది. పొడవాటి మట్టలను కోసి, చితక్కొట్టి, గుజ్జు గీకి, ఎండబెడితే తెల్లటి బిరుసు నార వస్తుంది. రసం తగిలితే చేతులు మండుతాయి. ఆ తాడు చాలా గట్టిది, మెడకు మాత్రం మోటు. కాబట్టి కట్టుతాడుకు కిత్తనార వాడి, మెడచుట్టుకు పాత గుడ్డ చుట్టేవారు. అనంతపురం, కర్నూలు అడవుల్లో నారయేపి చెట్టు బెరడు కూడా తాళ్ళకు పనికొచ్చేది. చెట్టు పేరులోనే నార ఉంది.

తెలంగాణలో మోదుగ. పువ్వు హోలీ రంగుకు, ఆకు విస్తరికి, వేరు తాడుకు. లేత వేర్లను తవ్వి, దంచి, పై బెరడు ఒలిస్తే ఎర్రటి నార వస్తుంది. పంట కాదు కాబట్టి విత్తడం, కాయడం లేదు, తవ్వే ఓపిక ఉంటే చాలు. తూర్పు కనుమల ఏజెన్సీలో అడ్డతీగ ఉంది. దాని ఆకులతో కుట్టిన అడ్డాకుల విస్తర్లు మైదానాల పెళ్ళిళ్ళకు చేరాయి గానీ, దాని బెరడుతో కొండవాళ్ళు పేనే తాడు కొండ దిగలేదు. కోనసీమలో కొబ్బరిపీచు తాడు. ఉప్పునీటికి, ఒండ్రు బురదకు, ఎడతెగని వానకు అంతగా తట్టుకునే నార మరొకటి లేదు. పైగా అది లాగితే సాగుతుంది. గోగునార దాదాపు సాగదు. బెదిరి ఒక్కసారిగా గుంజుకునే పశువుకు సాగే తాడు వల్ల మెడకు తగిలే కుదుపు తగ్గుతుంది. గరుకుదనమే దాని లోపం. ఇక తాటిచెట్టున్న ప్రతి ఊళ్ళో, తాటిమట్టను నానేసి చీల్చిన నార పెద్దగా పేనే పని లేకుండానే అప్పటికప్పుడు దూడను కట్టడానికి అక్కరకొచ్చేది.

మన పల్లెల్లో అందరికీ తెలిసిన ఈ సంగతులు సామ్రాజ్యాలకు కూడా కావలసి వచ్చాయి. 1780లలో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, వాటికి ఇక్కడివాళ్ళు పిలిచే తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. 1793లో కలకత్తా ఉద్యానానికి వెళ్ళాక ఈ దేశపు నారల బలాన్ని ఒకదానితో ఒకటి పోల్చి పరీక్షించాడు. ఓడలకు తాళ్ళు కావాలి, ఆ తాళ్ళకు నార రష్యా నుంచి రావాలి. ఆ రష్యాతోనే క్రిమియా యుద్ధం వచ్చిపడిన రోజుల్లో, 1855లో, జాన్ ఫోర్బ్స్ రాయిల్ భారతదేశపు నారమొక్కల మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఆ పరీక్షల్లో జనుముకు పెద్ద పీట దక్కింది. మన రైతుకు ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అతని పరీక్షలు వాన పడ్డ రాత్రి దొడ్లో జరిగేవి.

పురి

ఏ నారపోగూ తాడంత పొడవు ఉండదు. పొట్టి పోగులు అంత పొడవు తాడుగా ఎలా నిలుస్తాయి? అంటించే జిగురు లేదు, కుట్టే దారం లేదు. ఉన్నదంతా మెలిక. కొన్ని పోగులు కలిపి కుడివైపు పురి పెడితే ఒక పేట అవుతుంది. వదిలేస్తే అది గిర్రున విప్పుకుంటుంది. అలాంటి పేటలు రెండో మూడో కలిపి, ఈసారి ఎడమవైపు తిప్పాలి. అప్పుడు ప్రతి పేటా విప్పుకోవాలని చూస్తుంది, ఆ విప్పుకోవడమే పక్క పేటను బిగిస్తుంది. లాగినకొద్దీ పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఆ రాపిడే తాడుకు బలం. ఈ సూత్రం తెలియడానికి ఎవరూ బడికి వెళ్ళలేదు.

పని మాత్రం ముగ్గురిది. ఒకరు నార అందించాలి, ఒకరు కట్టెకు తగిలించి తిప్పుతూ వెనక్కి నడవాలి, ఒకరు పేటల మధ్య చెయ్యి పెట్టి అవి సమంగా కలిసేలా చూడాలి. తిప్పే పని పిల్లలది. మా తాతయ్య పేటలు కలిపే చోట కూర్చునేవాడు. చూపు ఆనేది కాదు, బొటనవేలితోనే అంతా తెలుసుకునేవాడు. ఓ చోట వదులైతే అక్కడే ఆపి, “ఒరేయ్, పురి వదిలావురా, ఇంకో నాలుగు తిప్పు” అనేవాడు. కొత్త నార కలిపేటప్పుడు పోగులన్నీ ఒక్కచోటే అతికించనిచ్చేవాడు కాదు. అతుకులు వేరువేరు చోట్ల పడాలి, లేకపోతే తాడు అక్కడే తెగుతుంది. మెలిక పడ్డకొద్దీ పొడవు తగ్గుతుంది కాబట్టి, మూడు బారల తాడు కావాలంటే పేటలు నాలుగు బారలకు పైగానే తీసుకోవాలి. అయ్యాక తడిపి, రెండు చెట్ల మధ్య బిగించి ఆరనిస్తే పురి కుదురుకుంటుంది. పైకి లేచిన నూగును మంట మీద చురుగ్గా ఆడించి కాల్చేసి, గోనెపట్టాతో రుద్దితే నున్నబడుతుంది.

మెడకు వేసే భాగాన్ని కొందరు పేనకుండా జడ అల్లేవారు. గుండ్రటి సన్న తాడు ఒకే గీత మీద ఒత్తుతుంది, జడపట్టీ ఆ ఒత్తిడిని వెడల్పుగా పంచుతుంది. రెండు పేటల తాడుకు ఎత్తుపల్లాలు ఎక్కువ, మూడు పేటలది చుట్టూ సమంగా ఆనుతుంది. తొందరకు రెండు పేటలు, నిలకడకు మూడు. ఈ చిన్నచిన్న నిర్ణయాలన్నీ పశువు చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తీసుకున్నవే. అందుకే వీటిని నేను అంత ప్రేమగా చెబుతున్నాను.

ఒక సంగతి దాచిపెట్టి ఈ తాళ్ళను పొగడటం న్యాయం కాదు. మోట బావుల కాలంలో తోలు తాళ్ళు, తోలు బొక్కెనలు, చెర్నాకోలలు, పగ్గాలు మాదిగలు చేసి ఇచ్చారు. చచ్చిన పశువును మోసుకెళ్ళి, తోలు ఒలిచి, తంగేడు చెక్కతో ఊనించి, మెత్తబడేదాకా కష్టపడింది వాళ్ళు. దానికి ప్రతిఫలంగా కళ్ళంలో కొలిచి ఇచ్చింది కొద్దిపాటి గింజలు. తెలంగాణలో దొరల గడీలకైతే అదీ లేకుండా వెట్టిగానే ఇవ్వాల్సి వచ్చింది. ఊరి సేద్యం నడిచిన తోలు తాడు వాళ్ళ చేతుల్లో తయారైంది, ఆ చేతులనే ఊరు దూరం పెట్టింది. ఆ పనిని వాళ్ళ పిల్లలు వదిలేసి చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి వెళ్ళినందుకు ఎవరూ విచారించనక్కర్లేదు.

పండగనాటి తాడు

జ్యేష్ఠ పున్నమినాడు ఏరువాక. కొత్త సేద్యానికి నాగలి కట్టే పండగ. రాయలసీమలోనూ మరికొన్ని చోట్లా ఆ సాయంత్రం ఊరి వాకిట గోగునారతో పేనిన లావుపాటి తోరణం కడతారు. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఊరేగించి తెస్తారు. రైతులు చెర్నాకోలలతో ఆ తోరణాన్ని కొట్టి, దొరికిన పీచును ఎవరికి వారు పట్టుకెళతారు. ఆ నారను ఎద్దుల మెడల్లో కడితే మేలని నమ్మకం. కోస్తాలో కనుమకు, ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్యకు, పశువులకు కొత్త పలుపులు, కొత్త ముకుతాళ్ళు మారుస్తారు. మనిషికి కొత్త బట్టలు పెట్టే రోజునే పశువుకు కొత్త తాడు. ఇందులో భక్తితోపాటు లెక్క కూడా ఉంది. నార తాడు ఏడాది తిరిగేసరికి చివుకుతుంది. వానాకాలం సేద్యం ముందు ఒకసారి, కోతల తరవాత ఒకసారి, పండగ వంకతో ఊరంతా తాళ్ళు సరిచూసుకునేది.

ప్లాస్టిక్ వచ్చాక

రైతు ప్లాస్టిక్ తాడు కొన్నందుకు అతన్ని తప్పుపట్టలేం. అది చవక. వానకు చివకదు. నానబెట్టక్కర్లేదు, పేనక్కర్లేదు. తిప్పడానికి ఇంట్లో పిల్లలు లేరు, వాళ్ళు హాస్టళ్ళలో ఉన్నారు. నార నానేయడానికి కుంటలు పూడిపోయాయి. ఉన్న చెరువులో చేపలున్నాయి, గోగుకట్టలు ముంచితే ఒప్పుకోరు. ఒక మనిషి రెండు రోజుల కూలీ పెడితే వచ్చే తాడుకు బదులు, అంగట్లో చేతికందే తాడు పట్టుకెళ్ళడం సహజం. మనం నైలాన్ అని పిలిచే ఈ తాళ్ళలో ఎక్కువ భాగం నిజానికి పాలీప్రొపిలీన్. చేపల వలకు, లారీ మీద సరుకు బిగించడానికి అది మంచి వస్తువే.

పశువు మెడకు మాత్రం అది పగ. చెమటను పీల్చుకోదు, గాలి ఆడనివ్వదు. చర్మం మీద జారుతూ రాసుకుంటుంది. ఎండకు ఏడాది రెండేళ్ళలో పైపొర చిట్లి, సూదుల్లాంటి పోగులు లేస్తాయి, వెంట్రుకలు ఊడిపోయి పుండు పడుతుంది. ఆ పుండు మీద ఈగ వాలితే పురుగు పట్టడానికి ఎంతోసేపు పట్టదు. ముకుతాడుగా వేస్తే ఇంకా ఘోరం. సన్నటి ప్లాస్టిక్ తాడు లోపలి పొరను కోసుకుంటూ ముందుకు వస్తుంది, చివరికి ముక్కు చీలిపోతుంది.

దూడల సంగతి చూస్తే మనసు చివుక్కుమంటుంది. పుట్టిన వారానికి మెడలో వేసిన తాడును ఆరు నెలలకు కూడా మార్చని ఇళ్ళున్నాయి. దూడ పెరుగుతుంది, తాడు పెరగదు. నార తాడైతే ఈలోపు చివికి తెగేది. ప్లాస్టిక్ తెగదు. మెల్లగా చర్మంలోకి దిగి, పైన చర్మం మూసుకుపోయి, తాడు మెడలోనే పూడుకుపోయిన దూడలను పశువైద్యశాలలకు తెస్తూనే ఉంటారు. డాక్టరు మత్తిచ్చి, కోసి, బయటికి తీయాల్సి వస్తుంది. చివకడం నార తాడుకు లోపమని మనం అనుకున్నాం. ఆ లోపమే ఎన్నో దూడలను కాపాడింది.

ఇంకొకటి. ఉప్పు, ఫాస్ఫరస్ వంటి ఖనిజాలు చాలని పశువులు దొరికినవన్నీ నములుతాయి. కట్టిన తాడునూ నములుతాయి. నార కడుపులోకి పోయినా అరిగేదే. ప్లాస్టిక్ పోగులు మొదటి పొట్టలో ఉండిపోయి, ఉండలు కట్టి, నెమరును చెడగొడతాయి. మంట వేళ కూడా అంతే. ఎండాకాలం గడ్డివాములు, పాకలు అంటుకున్నప్పుడు నార తాడు కాలి తెగుతుంది. ప్లాస్టిక్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో తాడు ప్రస్తావన ఉంది. మరీ పొట్టిదో, మరీ బరువైనదో అయిన గొలుసుతో గానీ తాడుతో గానీ పశువును అనుచితంగా ఎక్కువసేపు కట్టి ఉంచడం ఆ చట్టం దృష్టిలో హింస. పొడవు, బరువు, సమయం గురించి చట్టం ఆలోచించింది. చర్మానికి ఏది తగులుతోందో ఆలోచించే బాధ్యత యజమానిది.

పాత నూలు చీర చాలు

మళ్ళీ ప్రతి ఇంట్లో గోగు నానేయమని నేను చెప్పను. ఆ నీళ్ళు లేవు, ఆ చేతులూ లేవు. గుంజ నుంచి మెడ దాకా వచ్చే పొడవాటి తాడు ప్లాస్టిక్‌దే అయినా పెద్ద నష్టం లేదు. మెడ చుట్టూ తిరిగే ఆ ఒకటిన్నర మూర, ముక్కులో ఉండే ఆ జానెడు, ఇవి రెండూ ప్లాస్టిక్ కాకుండా చూసుకుంటే చాలు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పటి నుంచో ఇందుకు పాత నూలు చీరలు వాడుతున్నారు. చీరను పొడుగ్గా మూడు పాయలు చింపి, ఒక్కో పాయకు కాస్త పురి పెట్టి, జడ అల్లితే బొటనవేలు కంటే లావుగా మెత్తటి మెడపట్టీ వస్తుంది. సింథటిక్ చీర పనికి రాదు. అది జారుతుంది, ముడి నిలవదు, చెమట పీల్చదు. నూలు పంచె అయినా, పాత దుప్పటి అయినా ఫర్వాలేదు. తడిస్తే విప్పి ఎండేయాలి. వారానికోసారి ఉతికితే ఇంకా మంచిది, పిడుదులు అక్కడే దాక్కుంటాయి.

మెడపట్టీ ఒక కొసన కన్ను వదలండి, రెండో కొసన పెద్ద ముడి వేయండి. కట్టుతాడును ఆ కన్నుకే కలపండి, పట్టీ చుట్టూ ఉరి పడేలా కట్టకండి. పశువు పడుకుని తల నేలకు ఆనించుకునేంత, పక్కకు తిరిగి ఒళ్ళు నాక్కునేంత పొడవు కట్టుతాడుకు ఉండాలి. కాళ్ళకు చుట్టుకునేంత పొడవు ఉండకూడదు. పట్టీకీ మెడకూ మధ్య అరచెయ్యి సాఫీగా దూరాలి. దూడకైతే ప్రతి పదిహేను రోజులకూ ఆ చెయ్యి పెట్టి చూడాలి. దూరకపోతే అప్పుడే ముడి జరపాలి.

పాక దాకా వెళ్ళి ఒక్కసారి చెయ్యి దూర్చి చూడండి.